చెరువు ముత్యాల దండ

మర్రిగూడ

ప్రమీలమ్మా,

ఈ ఉత్తరం రాసేది నీకు కాబోయే కోడలు సుచరిత. చెప్పేది మాత్రం దాని అమ్మమ్మను, నేను.

పిల్లకు నేను పెట్టిన దండను చూసి, "గవి చెరువు ముత్యాలు, నకిలీయి. పెండ్లిల ఎట్లేసుకుంటది?" అన్నవట. జర ఇను. నువ్వు పిల్లకు కొన్న దండల సముద్రపు ముత్యం గుండ్రంగ మెరుస్తది, కానీ లోపల పూస పెట్టి పెంచుతరు. నాది బియ్యపు గింజ లెక్క వంకరగున్నా లోపలిదాకా ముత్యమే. రెండూ ఆల్చిప్పల పుట్టినయే. పంటికి రాసి చూడు, గాజుపూసైతే నున్నగ జారుతది, ఇవి రెండూ గరుకుగ తగుల్తయి. నీ పండ్లతోనే చూడు. మా ఊరి ఫ్లోరైడు నీళ్లకు గరుకుదేలిన నా పండ్లతో గాజుపూసను గూడ అసలుదని చెప్పి దుకాణంల నవ్వులపాలైన.

పిల్ల రెండూ ఏసుకుంటది, నాది మెడకు ఆనుకొని, నీది దాని కింద. కాదంటే నా దండ నేనే ఏసుకొని పెండ్లి పందిట్ల నీ పక్కనే కూసుంట.

వేలిముద్ర,
సుచరిత అమ్మమ్మ