సరోజ, నేను, ఒకే షీట్

మంగళవారం, రాత్రి

ఆడబిడ్డ సరోజతో కలిసి చేసే జంపఖానాల ఆర్డర్లు రాసుకోవడానికి వారం నుంచి రెండు సాఫ్ట్‌వేర్లు వాడి చూస్తున్నాను. ఏటా డబ్బు కట్టేది నా కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఉచితంగా వచ్చేది ఇంటర్నెట్‌లో ఉంటుంది. అందులోనైతే మట్టెవాడలో మా ఇంట్లో నేను, కాశిబుగ్గలో వాళ్లింట్లో సరోజ ఒకే షీట్ ఒకేసారి తెరవొచ్చు.

ఈరోజు ఆ షీట్‌లో, మాకు జంపఖానాలు నేసిచ్చే సరోజ మరిది పేరు పక్కన "ఎప్పుడూ ఆలస్యమే, ఇక నేత పని ఇవ్వొద్దు" అని టైపు చేశాను. సరోజ చూస్తే బాధపడుతుందని వెంటనే తుడిచేశాను. నిమిషంలో ఫోన్ మోగింది.

"ఎందుకు తుడిచినవ్ వదినె? నువ్వు ఒక్కొక్క అక్షరం కొడుతాంటె ఈడ నాకు కనవడుతనే ఉన్నది."

"ఊకెనే రాసిన సరోజా..."

"ఊకెనే ఏంది? నిజమే గద! మళ్ల రాయి. నేనంటె ఇంట్ల లొల్లి అయితది. షీట్ల ఉంటె మా మరిదికే తీసి చూపిస్త," అని పకపకా నవ్వింది.

మళ్లీ రాశాను, కొంచెం మెత్తగా. వ్యాపారానికి ఇదే ఉంచుదామని, ఇంటి విషయాలకు మాత్రం నా కంప్యూటర్‌లో ఉండేదే వాడదామని అనుకున్నాను.

తర్వాత మెనూలన్నీ తెరిచి చూస్తుంటే ఇంకో సంగతి తెలిసింది. ఎవరు ఎప్పుడు ఏం రాశారో, ఏం తీసేశారో మొత్తం ఇది దాచి ఉంచుతుంది. వారం నుంచి సరోజ కూడా ఇందులోనే రాస్తోంది. నా గురించి ఏమైనా రాసి తుడిచిందా? ఒక్కసారి నొక్కితే తెలిసిపోతుంది.

ఇంకా నొక్కలేదు. కంప్యూటర్ కూడా ఆపలేదు.