పరుశురాం ఫోన్ ఎందుకు చేయలేదంటే

అమ్మకు వాసంతి దండం పెట్టి రాస్తున్నాను. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మస్కట్‌లో నీ మోకాళ్ల నొప్పి కొంచెమైనా తగ్గిందనుకుంటాను.

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన నీ స్నేహితురాలు కృపారాణక్క చేత నువ్వు పంపిన ఉత్తరం, ఖర్జూరాలు అందాయి. తార్నాకలో గది ఖాళీ చేశావా అని అడిగావు. చేశాను. ఇప్పుడు యూనివర్సిటీ హాస్టల్లోనే ఉంటున్నాను. పప్పు నీళ్లలా ఉంటుంది, అయినా తింటున్నాను. పరీక్షలు మాత్రం రాయలేదు.

తమ్ముడు ఫోన్ ఎందుకు చేయడంలేదని ఉత్తరం నిండా అడిగావు.

సీతాఫల్‌మండి దగ్గర పట్టాల కింద కంకర సర్దే కాంట్రాక్టు పని పోయాక వాడెంత తిరిగాడో నీకు తెలుసు. విదేశంలోనూ రైల్వే పనే అని చెప్పి ఏజెంటు విమానం ఎక్కించాడు. మొదట్లో పట్టాల పనే ఇచ్చారు. వాటి మీద వెళ్లేవి యుద్ధం బండ్లని వాడికి తర్వాత తెలిసింది. ఒకరోజు నేను ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఉండగా ఫోన్ చేశాడు.

"అక్కా, నాకు వర్దీ తొడిగి తుపాకి చేతుల పెట్టిండ్రు. నేను పట్టాల పనికొచ్చిన అంటే, సంతకం పెట్టినవ్ గద అంటున్నరు. వాళ్ల భాషల ఉన్నది, నాకేం ఎరుక?"

"వాపస్ వచ్చెయ్ రా."

"ఎట్లొస్త? పాస్‌పోర్ట్ గుంజుకున్నరు. అమ్మకు చెప్పకు. ఆమె పాస్‌పోర్ట్ గూడ గట్లనే ఆ ఇంటోళ్ల దగ్గర ఉన్నది గద."

ఎన్ని ఆఫీసులు తిరిగానో. అందరూ ఆగమన్నారు.

అమ్మా, కూర్చుని చదువు. పరుశురాం లేడు. వాళ్లున్న కందకం మీద బాంబు పడిందట. వాడితో ఉన్న వెంకటసాయి అనే అబ్బాయి, "అక్కా, అన్న పోయిండు" అని ఫోన్లోనే ఏడ్చాడు. నా రక్తం తీసుకుని, దానితో పోల్చి వాడేనని తేల్చి, పెట్టెలో పంపారు. తెరవొద్దన్నారు. వాడి ముఖం నేనూ చూడలేదు.

గోల్నాక దాటి మూసీ దగ్గరి శ్మశానానికి తీసుకుపోయాం. వాడితో కంకర పని చేసినవాళ్లు నారింజ రంగు జాకెట్లతోనే వచ్చి పాడె మోశారు. మేస్త్రి బిక్షపతి నా చేతిలోని కొరివి అందుకోబోయాడు.

"ఆడివిల్లవు, నీతోని అయితదా? నేను పెడ్త తియ్యి."

"నా తమ్ముడు మామా. నేనే పెడ్త."

నేనే పెట్టాను.

ఫోన్లో ఎందుకు చెప్పలేదంటే, అమ్మమ్మ పోయినప్పుడు నువ్వు ఏడ్చావని నువ్వు పనిచేసే ఇంటామె ఫోన్ లాక్కుని నిన్ను గదిలో పెట్టి తాళం వేసింది. ఈసారి వస్తానని కొట్లాడితే ఏం చేసేదో. నువ్వు రాలేవని తెలిసి, నిన్ను అడగకుండానే నీ కొడుకును సాగనంపాను. నువ్వు "తమ్ముడెట్లున్నడు?" అన్నప్పుడల్లా "మంచిగున్నడమ్మా" అన్నాను.

ఈ ఉత్తరం ఆ ఇంటికి పంపొద్దని, శుక్రవారం సెలవు పూట నువ్వు తనను కలవడానికి చర్చికి వచ్చినప్పుడే చేతికివ్వమని కృపక్కకు చెప్పాను. ఆమె ఒళ్లో తల పెట్టుకుని గట్టిగా ఏడువమ్మా. అక్కడ నిన్నెవరూ ఆపరు. మళ్లీ ఆ ఇంట్లోకి పోయేలోపు నాకు ఫోన్ చెయ్యి. తిట్టాలనిపిస్తే తిట్టు.

ఇట్లు,
నీకు మిగిలిన బిడ్డ
వాసంతి