మా ఇంటి నుంచి వెళ్ళిన జబ్బు

డాక్టరమ్మ బురులాయ్ గారికి, నారిన్ కొండల మీది నుంచి ఉసోన్‌బాయ్ సలాములు.

మీ బిష్కెక్ ఆసుపత్రిలో ఉన్న ఇల్గిజ్ మా చెల్లెలి కొడుకు. గుర్రం మీంచి జారాడు, చుక్క నెత్తురు కారలేదు. మీరేమో నెత్తురు పోతోందంటున్నారట. ఎక్కడికి పోతోంది తల్లీ? తొడ మొద్దుబారిందట, మోకాలు నిలవదట. దానికింత హడావుడా! ఇక్కడ ఎముకలు సరిచేసేది నేనే. గొర్రెతోక కొవ్వు కాచి గట్టిగా తోమి, కాలు పట్టుకుని ఒక్క గుంజు గుంజితే గంతులేస్తాడు. శనివారం వచ్చి తీసుకుపోతాను.

ఇట్లు, ఉసోన్‌బాయ్

తా.క. ఇక్కడ ఫోను అందదు. ఉత్తరం తెచ్చిన వ్యాను డ్రైవరుకి టీ ఇవ్వండి. అతని మెడ సరిచేసింది నేనే.

---

పెద్దలు ఉసోన్‌బాయ్ గారికి నమస్కారాలు.

నెత్తురు లోపలే కారింది. తుంటి కండరంలో చేరి, తొడకు వెళ్ళే నరాన్ని నొక్కుతోంది. మీ మేనల్లుడికి నెత్తురు సరిగా గడ్డకట్టదు. ఆ జబ్బు పేరు హిమోఫిలియా. గడ్డకట్టించే మందు ఎక్కిస్తున్నాం, కాలు కదలకుండా ఉంచాం. తోమినా గుంజినా మళ్ళీ నెత్తురు చేరుతుంది. నరం దెబ్బతింటే ఆ కాలు ఇక పనికిరాకపోవచ్చు. దయచేసి అతన్ని తీసుకుపోకండి. ఈ జబ్బు అతనికి తల్లివైపు నుంచి, అంటే మీ ఇంటి నుంచి వచ్చింది.

బురులాయ్

తా.క. టీ ఇచ్చాను. కప్పు ఎడమవైపు పెడితేగానీ డ్రైవరుకి కనబడలేదు.

---

డాక్టరమ్మకు,

మా ఇంటి నుంచా! ఎంత మాటన్నారమ్మా! మేనల్లుడు అడిగింది మేనమామ కాదనకూడదు, మన వాడుక మీకు తెలియనిదా? గుర్రప్పిల్లను అడిగాడు, ఇచ్చాను. వెండి కళ్ళెం అడిగాడు, ఏడుస్తూ ఇచ్చాను. జబ్బు వాడు అడగనూ లేదు, నేను ఇవ్వనూ లేదు. వాళ్ళ నాన్నను అడగండి. ఆయన ఇంతవరకూ వాడికి ఇచ్చిందేమీ లేదు, ఇదైనా ఇచ్చాడేమో! మా ఇంటి మగాళ్ళు ఉక్కుముక్కలు. మా మేనమామకైతే మోకాళ్ళే వంగేవి కావు, అంత పొగరు!

కొవ్వు కాచాను. వస్తున్నాను.

ఉసోన్‌బాయ్

తా.క. నాదీ అదే పొగరు. గుర్రమెక్కితే చాలు, మోకాలు పుచ్చకాయలా ఉబ్బుతుంది. మొన్న పన్ను పీకించుకుంటే నెత్తురాగక దిండ్లన్నీ పాడయ్యాయి. ఆ పన్ను పీకినవాడికి పనే రాదు, వెధవ!

---

పెద్దాయనా,

మీ తా.క. చదివి లేచి నిలబడ్డాను. తప్పకుండా రండి, కొవ్వు అక్కడే వదిలేసి రండి. గుర్రమెక్కకండి.

బురులాయ్

తా.క. ఆ మోకాలిని మీరే తోముకుంటున్నారా?

---

డాక్టరమ్మకు, మీ రెండో అంతస్తు కిటికీ పక్క మంచం నుంచి ఉసోన్‌బాయ్ రాయునది.

ఎదురుగా చెప్పడానికి సిగ్గేసి నర్సమ్మ చేత పంపుతున్నాను. తోముకున్నానమ్మా, ఇన్నేళ్ళూ. ఇప్పుడు మీ మందు ఎక్కుతోంది, వాపు తగ్గుతోంది. పక్క మంచం మీద ఇల్గిజ్. పొద్దున వాడి తొడ గిల్లాను. "చచ్చాను మామా! నీకు బుద్ధుందా?" అని అరిచాడు. ఆ తిట్టు విని ఏడ్చేశాను. స్పర్శ వచ్చిందమ్మా!

వాడు నా కళ్ళు తుడిచి అన్నాడు: "అన్నీ అడిగి తీసుకున్నాను మామా, అడగకుండా నువ్విచ్చింది ఈ జబ్బొక్కటే."

ఉసోన్‌బాయ్

తా.క. ఆ డ్రైవరు మెడ కూడా చూడండి. అది మాత్రం మా ఇంటి నుంచి వెళ్ళిందని నేనే ఒప్పుకుంటున్నాను.