ఒక్క మాట తక్కువైన సంజాయిషీ

అయిజ,
14-11-2006

మేనేజర్ శివశంకర్ గారికి,

మీరడిగిన సంజాయిషీ రాస్తున్నాను. శనివారం మన జిన్నింగ్ మిల్లుకు హమాలీ మద్దిలేటి రాలేదు. వచ్చినట్టు హాజరు పుస్తకంలో రాసింది నేనే.

నా గుణం మీకు తెలుసు. ఆరేళ్ల కింద గేటు గుమస్తాగా చేరిన కొత్తలో, పనివేళ నిద్రపోయిన ఇద్దరి పేర్లు మీకు చెప్పాను. చెప్పడం తప్పని ఇప్పటికీ అనుకోను. మధ్యాహ్నం అందరూ దూది బేళ్ల నీడన కూర్చొని కూరలు మార్చుకుంటారు. ఆనాటి నుంచి నన్నెవరూ పిలవరు; నా సద్ది నేను గేటు దగ్గర గోడవైపు తిరిగి తింటాను.

శుక్రవారం మద్దిలేటి వచ్చి, "ఒక్కనివే ఏం తింటవు సారూ, జర జరుగు" అంటూ పక్కన కూర్చున్నాడు. జొన్నరొట్టె సగం తుంచి, పుంటికూర తొక్కు వేసి ఇచ్చాడు. చేతులు కడుక్కునేటప్పుడు, "రేపు నేను రాను, జర హాజరెయ్యి సారూ" అన్నాడు. రొట్టె ఎందుకిచ్చాడో అప్పుడే అర్థమైంది. అయినా మరునాడు హాజరు వేశాను.

శిక్ష ఏదైనా నాకే వేయండి. సంజాయిషీ చివర ‘మళ్లీ ఇలా చేయను’ అని రాయాలని తెలుసు. ఈ కొలువులో నేను రాసిన అబద్ధం ఆ హాజరొక్కటే. రెండోది రాయలేక ఆ మాట వదిలేశాను.

ఇట్లు,
మీ గేటు గుమస్తా