టమాటా క్రేట్ల మీద కొలువు

సెప్టెంబర్ 6, శనివారం

గుజ్జు మళ్లీ పులిసింది. వాన వదలడం లేదు. బకెట్లో నానబెట్టిన పాత పేపర్లు పాడై ఇల్లంతా పుల్లటి కంపు. మెంతిపిండి తక్కువైంది, అదీ సంగతి. మెంతులు సరిగ్గా పడితే కాగితం గుజ్జు పులవదు, పురుగూ పట్టదు. కుప్పంలో అత్తింట అన్నేళ్లు బొమ్మలు చేశాను, ఒక్కసారీ తప్పలేదు. ఇక్కడ ఒక్కదాన్నే కదా అని మెంతుల దగ్గర పిసినారితనం. ఒక్కదానికైనా గుజ్జు గుజ్జే కదా, బుద్ధి లేకపోతే సరి.

పారబోశాను. మళ్లీ నానబెట్టాను.

ఈ దసరాకి కొలువు పెడతాను. రాసేశాను కాబట్టి ఇక పెట్టాలి. నా పేరు మీద అద్దెకు తీసుకున్న ఇంట్లో, నేను చేసిన బొమ్మలతో. మదనపల్లెకు వచ్చి ఏడాది కావస్తోంది. గ్యాస్ బండ తెచ్చే మనిషి తప్ప ఈ మేడ మెట్లెక్కి, గడప దాటి, లోపల కూర్చున్నవాళ్లు లేరు. కొలువు పెట్టిన ఇంటికి పేరంటానికి వస్తారు కదా ఎవరైనా… రాక ఏం చేస్తారు. అదీ నా ఎత్తు.

సెప్టెంబర్ 8, సోమవారం

కొలువు మెట్లకు ఏం పెట్టాలా అని రెండు రోజులుగా ఆలోచన. చెక్కతో చేయించాలంటే వడ్రంగి, మేకులు, మోత. కింద సుగుణమ్మక్క వాళ్లకు టమాటా మండీ ఉంది కదా, పాత ప్లాస్టిక్ క్రేట్లు అడిగాను.

"క్రేట్లా? తీసుకోమ్మా, పెరట్లో పడుండాయి. బాగా కడుక్కో, కుళ్లు వాసన యాడికీ పోదు."

మెట్లు సగం ఎక్కానో లేదో కింద నుంచి మళ్లీ — "భారతీ, గోడకు మాత్రం మేకు కొట్టొద్దు!"

ఇంటి ఓనరమ్మ ఆమే. ఏడాదిలో నాతో మాట్లాడిన మాటలు రెండే. మేకులు, నీళ్ల మోటారు.

సెప్టెంబర్ 9

క్రేట్లు కడగడం. సబ్బు, సున్నం, నిమ్మ తొక్కలు. ఆమె చెప్పింది నిజం. వాసన పోలేదు.

సెప్టెంబర్ 11, గురువారం

ఏనుగు తొండం ఊడింది. అతికించాను. మళ్లీ ఊడింది. తొండం లేని ఏనుగును ఎలుగుబంటిని చేసేశాను. ఎవరడగొచ్చారు.

సెప్టెంబర్ 14, ఆదివారం

పుంగనూరు వెళ్లి వచ్చాను. అన్న ఇంట్లో భోజనం. కొలువు సంగతి చెప్పకుండా ఉండాల్సింది, నోరు ఆగలేదు.

వదిన గరిటె పట్టుకుని ఆగిపోయింది. "ఒంటిదానివి, నీకు కొలువు యాల భారతీ? పండక్కి ఈడికే రా. పిల్లోల్లతో బాటు ఇంత తిని పడుకుందువు."

ప్రేమగానే అంది. అందుకే ఎక్కువ మండింది. ఇంత తిని పడుకోవడానికి పండగ ఎందుకు, రోజూ చేస్తున్నది అదే కదా.

బస్టాండు దాకా అన్న వచ్చాడు. బస్సు కదిలేదాకా ఏమీ మాట్లాడడు, కదిలాక మాట్లాడతాడు. "ఆ కుప్పమోడేమన్నా ఫోన్ చేస్తాండాడా?" లేదన్నాను. "మంచిదేలే" అన్నాడు. ఏది మంచిదో ఇద్దరికీ తెలియదు.

సెప్టెంబర్ 15

పుంగనూరు ఆవును చేశాను. పొట్టి కాళ్లు, విరిగే భయం లేదు. నాలాంటి పనివాళ్ల కోసమే ఆ జాతి పుట్టినట్టుంది. మెడలో గంటకు పాత జూకా. ముద్దొస్తోంది. చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. ఎవరికైనా చూపించాలనిపించింది, ఎవరికి? స్కూల్లో మిగతా టీచర్లకు ఫోటో పంపాను. రెండు బొటనవేళ్లు వచ్చాయి.

సెప్టెంబర్ 17, బుధవారం

శెట్టిగారి బొమ్మ అయ్యింది. పొట్ట బాగా కుదిరింది. ముందు పప్పుల దుకాణం — అగ్గిపెట్టెల అరలు, సీసా మూతల్లో కందిపప్పు, పెసలు.

కుప్పంలో నేను చేసిన శెట్టి ఇంకా ఉన్నాడు. అక్కడి కొలువులో సగం నా చేతివే. విడాకులప్పుడు మంచం ఎవరికి, బీరువా ఎవరికి అని రాసుకున్నాం, బొమ్మల మాట ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాత అడగడానికి వెళ్తే అత్త గుమ్మంలోనే చెప్పింది. "కొలువు బొమ్మలు ఇల్లు దాటకూడదమ్మా. నువ్వు సేసినా ఇంటివే." కోపంగా కూడా అనలేదు. ఆయన లోపల పేపరు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఉత్త చేతులతో బస్సెక్కాను. ఆ ఏడుపు మళ్లీ ఇప్పుడెందుకు వచ్చిందో.

శెట్టి పక్కన శెట్టమ్మను చేయాలా వద్దా అని చాలాసేపు. చేశాను. నా గొడవ పాపం అతనికెందుకు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

మగ్గాలవాళ్ల దగ్గర మచ్చ పడిన పట్టు ముక్క దొరికింది, మెట్ల మీద పరవడానికి. మచ్చ మీద ఎలుగుబంటి కూర్చుంటుంది.

కార్డులు మొదలుపెట్టాను. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, అంచుకు జరీ పోగు కుట్టి, లోపల నా చేతిరాత. "బుధవారం సాయంత్రం మా ఇంట్లో బొమ్మల కొలువు, పేరంటానికి తప్పక రావలెను." పైన మధ్యలో ఒక ఎర్ర పూస.

బొట్టు పెట్టి పిలవాలని నాకు తెలుసు. కుప్పంలో అత్త వెనకాల కుంకుమ భరిణె పట్టుకుని వీధంతా తిరిగినదాన్నే. అప్పుడు ఫలానా ఇంటి కోడలిని. ఇప్పుడు? నేను వేలు చాపితే ఎవరైనా తల వెనక్కి తీసుకుంటే? మొగుణ్ణి వదిలేసిన దానికి ఈ బొట్లు ఎందుకు అని మొహం మీద కనిపిస్తే? ఆ ఒక్క క్షణం నేను తట్టుకోలేను. కార్డు నయం. అందంగా ఉంటుంది, ఎవరినీ ముట్టుకోదు.

ఆ ఎర్ర పూసే బొట్టు అనుకుంటారులే.

సెప్టెంబర్ 21, ఆదివారం

వీధిలో కార్డులు ఇచ్చేశాను. తలుపు తీసినవాళ్లకు చేతికి, తియ్యని చోట గ్రిల్లులో. సుగుణమ్మక్కకు కూడా.

ఎదురింటి ఇందిర అయితే గుమ్మంలోనే ఎగిరింది. "అబ్బా! ఇది మీరే చేసినారా అక్కా? ఎంత బాగుండాది! ఫ్రిజ్జుకు అతికించుకుంటా."

సంతోషంగా ఉంది. చాలా రోజుల తర్వాత కూనిరాగం తీస్తూ వంట చేశాను.

సెప్టెంబర్ 22

పాడ్యమి. కలశం పెట్టాను. క్రేట్ల మీద అట్టలు, అట్టల మీద పట్టు. దేవుళ్లు పైన, శెట్టి దంపతులు కింద, ఆవు అందరికంటే ముందు. గుమ్మానికి చీర అంచులతో కుట్టిన తోరణం. మేకు లేదు కాబట్టి కర్టెన్ రాడ్డుకు ముడేశాను. సీరియల్ లైట్లు వేసి గది దీపం ఆర్పి చూశాను. బాగుంది. నిజంగా బాగుంది, నేను చేశానని కాదు.

సెప్టెంబర్ 24, బుధవారం

ఎవరూ రాలేదు.

సెప్టెంబర్ 24, తర్వాత

ఒక్కరు కూడా. అయిదు నుంచి పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. కేసరి చేశాను, తాంబూలాలు సర్దాను, పక్కింటి నుంచి తెచ్చిన కుర్చీలు తుడిచాను. ఆరింటికి వీధిలో మాటలు, గాజుల చప్పుడు. బాల్కనీలోకి పరిగెత్తాను. అందరూ ముస్తాబై వెళ్తున్నారు… పై వీధిలో ఎవరింటికో పేరంటానికి. ఇందిర తలెత్తి నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, పిచ్చిదానిలా నవ్వుతూ.

ఇంత చేసి ఏం సాధించాను. వదిన మాట విని ఉండాల్సింది. కేసరి ముట్టబుద్ధి కాలేదు. దీపం మాత్రం ఆర్పలేదు, అది అమ్మవారిది.

సెప్టెంబర్ 25, గురువారం

ఇది వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున సుగుణమ్మక్క పైకి వచ్చింది. ట్యాంకు నిండి పొర్లిపోతోందట, మోటారు నేను వేసి మరిచిపోయానట. నిజమే. గుమ్మంలో నిలబడి తిడుతూ తిడుతూ లోపలికి చూసి ఆగింది.

"ఓయమ్మ! ఇదంతా నువ్వే సేస్తివా? ఆ ఆవు సూడు, ఎట్లుండాదో! ఇంత సేసి యాలమ్మా ఎవుర్నీ పిలవలేదు?"

నాకు ఒళ్లు మండింది. "పిలిచినా కదక్కా. మీకూ కార్డిచ్చినా కదా."

"కార్డిస్తివి. పిలిస్తివా?"

అర్థం కానట్టు నిలబడ్డాను. అర్థమైంది, అయినా.

"పెండ్లికి గుడక, కార్డు ఇచ్చినంక మళ్లా బొట్టు పెట్టి సెప్తారు కదమ్మా. పిలవని పేరంటానికి యాడన్నా పోతారా? నీ కార్డు సూసి మేమందరం ఏమనుకుంటిమి… ఏందో ఇస్కూలు పిల్లోల్లకు ఎగ్జిబిషన్ మాదిరి అనుకుంటిమి."

ఎగ్జిబిషన్! పగలబడి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కలిపి ఏదో చేశాను. ఇన్నాళ్లు ఎవరికీ చెప్పనిది ఆ గుమ్మంలోనే నోరు జారింది. "నేను బొట్టు పెట్టొచ్చో లేదో నాకు తెలీదక్కా."

ఆమె నా నొసటి బొట్టు వైపు చూసింది. "మీ ఆయన ఉండాడా?"

"ఉండాడు. కుప్పంలో."

"ప్రాణంతో ఉండాడు కదా. మరింకేం?"

"ఆయన ఊపిరి మీద నా కుంకుమ నిలబడాలనా? పుట్టినప్పటి నుంచి పెట్టుకుంటాండాను నేను, ఆయన నిన్న వచ్చినాడు, మొన్న పోయినాడు!" గట్టిగానే అరిచాను. వీధికి వినపడే ఉంటుంది.

సుగుణమ్మక్క బెదరలేదు, ఓదార్చనూ లేదు. "అదంతా నాకు తెల్దమ్మా. నాకు తెలిసింది ఒగటే. బొట్టు పెడితే వస్తారు. పెట్టకపోతే రారు. కొందురు పెట్టినా రారు."

లోపలికి రండి అన్నాను. మెట్ల వైపు తిరిగింది. "పిలిచినాక వస్తాలే. మోటారు మాత్రం మరువద్దు."

అంత దగ్గరగా వచ్చి గడప ఇవతలికి కాలు పెట్టకుండా వెళ్లింది మహాతల్లి.

సెప్టెంబర్ 25, రాత్రి

వెళ్లాలా… వద్దా. ఎవరింటికి ముందు? ఏ చీర?

సెప్టెంబర్ 26, శుక్రవారం, సాయంత్రం

వెళ్లాను.

భరిణె లేదు. చిన్న స్టీలు గిన్నెకు జరీ చుట్టి అందులో కుంకుమ పోసుకున్నాను. పొద్దున్నే మొదట కింద, ఈ సాయంత్రానికే పేరంటం అని. సుగుణమ్మక్క నొసలు ముందుకు పెట్టింది. నా బొట్టు వంకర పోయింది. "రెండోది సరింగా వస్తాదిలే" అని, అదే గిన్నెలోంచి తీసి నాకూ పెట్టింది. బొటనవేలితో, గట్టిగా అదిమి.

ఇందిర తలుపు తీసింది, గిన్నె చూసింది, "ఒక్క నిమిషం అక్కా" అని లోపలికి వెళ్లిపోయింది. అంతే, అయిపోయింది అనుకున్నాను. మెట్టు దిగాను కూడా. లోపల కుళాయి చప్పుడు. మొహం కడుక్కుని, పమిట చెంగుతో తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "పాచి మొకానికి బొట్టు పెట్టించుకుంటారా యాడన్నా! ఇప్పుడు పెట్టండి." పెట్టాను. అక్కడే ఏడుపు వచ్చేలా ఉంటే దగ్గినట్టు నటించాను.

పచ్చగేటు ఇంట్లో కోడలు నొసలు ముందుకు తెచ్చింది. లోపల నుంచి అత్త — "ఎవురే?" "మేడ మీద మేడం అత్తా, కొలువుకు పిలుస్తాండారు." ఏదో గొణుగుడు. కోడలు తల దించుకుని అరచెయ్యి చాపింది. "చేతిలో పెట్టండి మేడం, నేను పెట్టుకుంటా." చేతిలో వేశాను. పెట్టుకుందో లేదో చూడకుండా తిరిగాను. మూలింట్లో లోపల టీవీ మోగుతోంది, తలుపు తీయలేదు. మిగతావాళ్లు పెట్టించుకున్నారు. ఒకావిడ నాకూ తిరిగి పెట్టింది, ఇంకొకావిడ పెట్టలేదు. ఆ చాచిన అరచెయ్యి దగ్గర నేను చచ్చిపోతాననుకున్నాను. చావలేదు. మేడ మెట్లెక్కి వచ్చేశాను, అంతే.

ఇప్పుడు అయిదున్నర. దీపం పెట్టాను, చీర మార్చాను, చేతులు ఊరుకోక ఇది రాస్తున్నాను. పిలవలేదు అనే మాట ఇక ఎవరూ అనలేరు. రాకపోతే అది వాళ్ల సంగతి, నా తప్పు ఏమీ లేదు, ఆ మాత్రం చాలు నాకు.

అబద్ధం. చాలదు. రావాలి. ఆ పచ్చగేటు కోడలైనా, ఎవరైనా. గడప అవతల నా చెప్పుల పక్కన ఇంకో జత చెప్పులు ఉండాలి.

వీధిలో గాజుల చప్పుడు. ఎటు వెళ్తున్నారో… ఈసారి బాల్కనీలోకి వెళ్లను. ఇక్కడే కూర్చుంటాను.