కొండెక్కడానికి సంతకం

అత్‌బాషీ, ఏప్రిల్

బిష్కెక్‌లో గుండెల డాక్టరైన కుబత్‌కు, చిన్నప్పుడు నీచేత అక్షరాలు దిద్దించిన షర్షెన్ మాస్టారు దీవించి రాసేది.

నువ్వు పంపిన మాత్రల సీసా చేరింది. నా రక్తంలో విటమిన్ డి అడుగంటిందని, అది గుండెకు చేటేమోనని మీకు అనుమానమని, నన్ను మీ పరిశోధనలో చేర్చుకున్నామని రాశావు. చలికాలమంతా పొయ్యి పక్కన పుస్తకాలు చదివినవాడికి సూర్యుడు ఏం మిగులుస్తాడులే.

నాకు కావలసింది ఒక్కటే. జూన్‌లో మావాడు గొర్రెల మంద తోలుకుని మేతకొండకు పోతాడు. ఇదే ఆఖరు. ఆకులు రాలేవేళకి మంద అమ్మేసి పట్నం చేరతాడట. పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆవిడా గుడారం వేసుకున్న చోటు మళ్ళీ ఒకసారి చూడాలి. కొండెక్కవచ్చని నీ సంతకం లేనిదే లారీ ఎక్కించనంటున్నాడు. పెట్టి పంపు.

నీ పరీక్ష పేపర్లు దిద్ది కళ్ళు పోగొట్టుకున్న
షర్షెన్

తా.క. నీ ఉత్తరం నిండా తప్పులే. ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను.

బిష్కెక్, మే

పూజ్యులైన మాస్టారికి కుబత్ నమస్కారాలు.

నర్సు పంపిన మీ రక్తం చూశాం. డి ఉన్నచోటే ఉంది. మాత్రలు వేసుకోవడం లేదని తెలిసిపోతోంది. ఈ గుండెతో మిమ్మల్ని అంత ఎత్తుకు పంపలేను. రోజుకొకటి మింగండి, ఎండలో తిరక్కండి. డి పెరిగితే సంతకం సంగతి చూద్దాం.

మీ శిష్యుడు
కుబత్

తా.క. మాత్రలు కుక్కకు వేస్తున్నారేమోనని మా ఆఫీసులో అనుకుంటున్నారు.

అత్‌బాషీ, జూన్ మొదట్లో

అనుమానాల డాక్టరుకు,

మా కుక్క నీలా కాదు, చూడందే ఏదీ ముట్టదు. మాత్రలు నేనే వేసుకున్నాను. కాకపోతే నేనొక్కణ్ణే కాదు. నువ్వు పుట్టిందీ ఈ లోయలోనే. ఇంటికొచ్చినవాడు రొట్టెముక్కయినా కొరక్కుండా గడప దాటతాడా? నలుగురిలో కూర్చుని ఒక్కణ్ణే ఎలా మింగను? సీసా తీసి, తిండికి పరిచే దస్తర్‌ఖాన్ గుడ్డ మీద రొట్టె, వెన్న, ఎండు ఆప్రికాట్ల పక్కన పెట్టాను. పక్కింటి బుబూషాకు మోకాళ్ళు తేలికయ్యాయట. మా బావమరిది తురార్ గుండెదడ తగ్గిందంటున్నాడు. అతనికి దడ పుట్టించేది వాళ్ళావిడే. ఆవిడా రోజుకొకటి మింగి మెత్తబడిందట.

లారీ సిద్ధంగా ఉంది. సంతకం ఏది?

షర్షెన్

తా.క. మాత్ర తొక్కలో పంది కొవ్వుందా అని ముల్లా అడిగాడు. మింగాక అడిగాడు.

బిష్కెక్, జూన్

మాస్టారికి నమస్కరించి,

ఇది పరిశోధన, పులావ్ పళ్ళెం కాదు. ఈ వారం మీ అతిథుల కోసం వేరే సీసా పంపుతున్నాను, దాని మూతకు ఎర్రగుడ్డ కట్టాను. మీ సీసా మీ జేబు దాటకూడదు. వేసవంతా ఇంటిపట్టునే ఉండండి, ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. సంతకం పెట్టలేను. మీ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను.

కుబత్

తా.క. మా అమ్మ అడగమంది. బుబూషాగారు పరగడుపున వేసుకుంటారా, తిన్నాకా?

అత్‌బాషీ, ఆగస్టు

నా ప్రాణరక్షకుడికి,

లారీ పోయింది. కిటికీ పరదా తొలగించి చూశాను. మావాడు వెళ్తూ, "డాక్టరే వద్దన్నాడు గదా నాన్నా, నేనేం చెయ్యను" అన్నాడు. జేబులో సీసా, నెత్తిన ఇంటికప్పు. ఖైదీనయినా పూటకోసారి ఆవరణలో తిరగనిస్తారు.

తీరిక దొరికితే చదువుతాను, నా రోగం నీకు తెలిసిందే. ఒంటి మీద ఎండ పడితే డి దానంతటదే పుడుతుందని మీ పుస్తకాలే రాశాయి. ఎత్తుకు పోయేకొద్దీ ఎండ మరీ చురుకట. దాహమేసినవాణ్ణి వాగు దగ్గరికి పోనివ్వకపోవడం ఏ వైద్యమో, సూటిగా చెప్పు.

కప్పు కింద
షర్షెన్

తా.క. బళ్ళో నీకు సున్నా వేసింది జవాబు తప్పయినందుకు కాదు. పక్కవాడిది చూసి రాసి, నాదేనని బుకాయించినందుకు.

బిష్కెక్, అక్టోబరు

మాస్టారూ, సూటిగానే చెబుతాను.

పరిశోధన ముగిసింది, ఎవరికేం ఇచ్చిందీ రాసి మూసిన కవర్లు విప్పాం. సగం మందికి అసలు డి, సగం మందికి ఉత్త నూనె. ఎవరికేదో అప్పటిదాకా మాకూ తెలియదు. మీకు వచ్చింది నూనె. అనవసరంగా మిమ్మల్ని అనుమానించాను. అతిథుల సీసా మాత్రం మందుల షాపులో కొన్నాను, అది అసలుదే. బుబూషాగారికి చెప్పండి.

మీ గుండె భేషుగ్గా ఉంది. మొదట్నుంచీ భేషే. గుండె బాగున్నవాళ్ళనే చేర్చుకున్నాం. మీరు కొండెక్కి ఎండలో కూర్చుంటే మా లెక్క చెడుతుంది. ఆ మాట అంటే మీరు పరిశోధన మానేసి పోతారు. అందుకని గుండె మీదికి నెట్టాను. ఇంతా చేసి, డి తిన్నవాళ్ళ గుండెలకీ తిననివాళ్ళ గుండెలకీ మా లెక్కలో తేడా ఏమీ రాలేదు.

మీ రుణం తీర్చుకోలేని
కుబత్

తా.క. ఓ శుభవార్త. కొండల మీది ఎండ గుండెకు మేలు చేస్తుందేమోనని వచ్చే వేసవి చూడబోతున్నాం. సొంత మందతో మేతకొండ మీద ఉండేవాళ్ళే కావాలి. మొదటి పేరు మీదే రాశాను, సంతకం కూడా పెట్టేశాను. మీ గొర్రెలన్నీ క్షేమమే కదా?