బండకు ఏ పక్కన

నాచారం,
ఆదివారం.

తమ్ముడు సాంబయ్యకు అన్న బుచ్చిరాములు రాసేది.

కీసర అవతల చెలక అమ్మేటప్పుడు నువ్వు నన్ను అడగలేదు. "అన్నదమ్ములం పాలు పంచుకున్నప్పుడు నా వంతుకొచ్చిన భూమి, ఎవరినీ అడిగే పని లేదు" అని నలుగురిలో అన్నావు. నిజమే, భూమి నీదే. అందులో ఉన్న బిడ్డ నాది. ఏడేళ్లుగా ఈ మాట గొంతులో పెట్టుకునే నీ ఇంటికి పెళ్లికి వచ్చాను, తిన్నాను, పోయాను. ఫోన్‌లో ఎత్తబోతే సిగ్నల్ లేదంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నా అక్షరాలు వంకర. నవ్వుకుంటే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

నీ చెలకలో కట్టిన నీళ్ల పార్కుకు దసరా సెలవుల్లో పోదామని మా దయాకర్ పట్టుబట్టాడు. మెట్రో కోసం ఉప్పల్ చౌరస్తా అంతా తవ్విపోశారు, బస్సు ఎక్కడ ఆగుతుందో డ్రైవర్‌కే తెలియదు. అందుకని మా గల్లీలోకే వచ్చేటట్టు సుమో మాట్లాడాడు. రాత్రి పడక పార్కు వాళ్ల గదిలోనే. రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ వాళ్లే పెడతారు. అది బాబాయి అమ్మిన భూమి అని వాడికి తెలుసు. అందులో తన అక్క ఉందని అప్పటికి తెలియదు. సారలమ్మ పోయాక పుట్టినవాడు. ఆ పేరు మేము ఇంట్లో ఎత్తలేదు.

మనవరాలు మానస పార్కు కాగితం తెచ్చి నాయనమ్మకు బొమ్మలు చూపించింది. నీళ్లలోకి జారే గొట్టాలు, వెనక పెద్ద బండ. మీ వదిన ఆ బండ మీద పెట్టిన వేలు తీయలేదు. నడుమ పగులును బట్టి గుర్తుపట్టింది. చెలకంతా చదును చేసినవాళ్లు అందానికని దాన్నొక్కదాన్నే ఉంచారు.

దయ్యాలను నమ్మే మనిషిని కాదు నేను. కానీ ఆ నాటి నుంచి మా ఇంటి వెనక బడి వదిలినప్పుడు పిల్లలు కేకలు వేస్తే అందులో ఒక గొంతు నాకు తెలిసిన గొంతులా ఉంటుంది. బడి గేటు దాకా పోయి చూసి వస్తున్నాను. మీ వదినకు చెప్పలేదు. మొన్న గేటు పట్టుకుని నిలబడితే వెనక నుంచి ఆమె వచ్చింది.

"నీకు గూడ ఇనబడ్డదా?" అంది.

గది వద్దు, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దామని దయాకర్‌తో అన్నాను. అప్పుడు ఆమె వాడి ముందు అంతా చెప్పేసింది.

"ఇన్నేండ్ల సంది అది ఒక్కతే పండుకుంటున్నది. ఒక్క రాత్రన్న నేను దాని పక్కన పండుకుంట. గది ఉండాలె," అంది.

పెరుగన్నం కలిపి తెస్తానని ఆమె అంటే, బయటి తిండి గేటు దగ్గరే ఆపుతారని, చిన్నపిల్లల తిండి ఒక్కటే పోనిస్తారని వాడు మెల్లగా చెప్పాడు.

"నేను తెచ్చేది గూడ చిన్నపిల్లకే గద," అంది.

మన కులంలో చిన్నపిల్లలను కాల్చరు. పూడ్చిన చోటికి తల్లీతండ్రీ రాకూడదు, గుర్తు పెట్టకూడదు అన్నారు పెద్దలు. బాబాయివని నీ చేతుల మీద తీసుకుపోయావు. నన్ను గట్టు మీదనే పట్టుకుని ఆపారు. బండ దగ్గర పెట్టానన్నావు, ఏ పక్కనో చెప్పలేదు. అమ్మిన తర్వాత అడిగితే మర్చిపోయానన్నావు. నువ్వు మర్చిపోలేదు సాంబయ్యా. పార్కు తెరిచినప్పుడు మీ ఇంటివాళ్లంతా లోపలికి పోతే నువ్వొక్కడివి గేటు బయట ఎండలో కూర్చున్నావట. మరదలు సత్యవేణే చెప్పింది.

ఇప్పుడు బండకు ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క తోట. రెండు దిక్కులా గదులున్నాయి. ఏ దిక్కు గది కావాలో గురువారం మధ్యాహ్నానికి చెప్పమన్నారట. దయాకర్ నన్ను అడుగుతున్నాడు. నేనేం చెప్పాలి?

ఈ కాగితం వాడి చేతికే ఇచ్చి అన్నోజిగూడలో నీ ఇంటికి పంపుతున్నాను. మా మనసు నిమ్మళించాలని తోట దిక్కు అనకు. నీళ్ల కిందనే అయితే నీళ్ల కిందనే అని చెప్పు. మీ వదిన ఆ దిక్కే పడుకుంటుంది. నువ్వు వచ్చి చెప్తావో, రాసి పంపుతావో నీ ఇష్టం. గురువారం పొద్దున పదింటికల్లా నాకు జవాబు కావాలి.

నీ అన్న,
బుచ్చిరాములు